ఇంటి కంప్యూటర్ల మధ్య పాస్‌వర్డ్ తలుపు: తెరుచుకోనప్పుడు ఏం చూడాలి?



దాతలైన మీరు ఏటా ఈ సంచికలో జమాఖర్చుల పట్టీ చూస్తారు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎందరు పిల్లలకు ఫీజు కట్టాం, ఎన్ని ఇళ్ళకు రేషన్ చేరింది అన్నది అందులో ఉంటుంది. దాని వెనక ఇంకొక పట్టీ ఉంది. దాన్ని ఎప్పుడూ అచ్చు వేయం. ఏ తల్లి ఏ కష్టంలో వచ్చింది, ఆమె బ్యాంకు ఖాతా నంబరు ఏది, ఏ విద్యార్థికి ఎంత బకాయి ఉంది అనే వివరాలు అందులో ఉంటాయి. పూర్వం అది ఎర్ర అట్ట వేసిన పెద్ద రిజిస్టరు. బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళం. కొన్నేళ్ళుగా అది కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్.

ఆ ఫోల్డర్‌కు తాళం ఎలా పడుతుంది, ఆ తాళం మనకే తెరుచుకోనప్పుడు ఏం చూడాలి అన్నదే ఈ పాఠం. ఇది కంప్యూటర్ కుర్రవాళ్ళ పని కదా, మాకెందుకు అని మీరు అనుకోవచ్చు. మీలో చాలామంది ఇళ్ళలో ఇప్పుడు రెండు మూడు కంప్యూటర్లు ఉన్నాయి. దుకాణం లెక్కలు, పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ వాటిలోనే ఉంటున్నాయి. ఇంకొక కారణం కూడా ఉంది. ఈ విషయంలో మేము ఒక పొరపాటు చేశాం. మీ సొమ్ముతో నడిచే పని కనుక అది మీకు చెప్పడం మా బాధ్యత.

విద్యా సహాయం పట్టీ మా ఇంట్లోనే ఉంటుంది. ముందు గదిలో విండోస్ 10 ఉన్న పాత డెస్క్‌టాప్, మేడ మీద మా అమ్మాయి ల్యాప్‌టాప్. దరఖాస్తులు కింద మేము ఎక్కిస్తాం. మార్కుల మెమోలు, ఫీజు రసీదులు పైనుంచి అమ్మాయి సరిచూస్తుంది. రెండూ ఒకే వైఫై మీద ఉన్నాయి కనుక కింది ఫోల్డర్‌ను షేర్ చేసుకున్నాం. చాలా రోజులు ఇబ్బంది లేకుండా నడిచింది. ఒక రంజాన్ నెలలో, దరఖాస్తులు కుప్పగా వచ్చిపడిన రోజుల్లోనే, పైనుంచి ఫోల్డర్ తెరవబోతే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడగడం మొదలైంది. తెలిసినవన్నీ కొట్టి చూశాం. అన్నీ తప్పేనంది.

తరావీహ్‌కు వెళ్ళే తొందరలో తెలిసిన కుర్రవాడిని ఒకరిని పిలిచాం. అతను ఐదు నిమిషాల్లో కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి, ‘పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్’ అన్నదాన్ని ఆఫ్ చేసి, ఫోల్డర్‌కు ‘ఎవ్రీవన్’ అని అనుమతి పెట్టి, “అయిపోయింది సార్” అన్నాడు. నిజంగానే అయిపోయింది. పైనుంచి నొక్కగానే ఏమీ అడగకుండా తెరుచుకుంది. అతనికి షర్బత్ ఇచ్చి, దుఆ చేసి పంపాం.

పండుగకు మా చెల్లెలి కొడుకు వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. వాడి ల్యాప్‌టాప్ వాడు తెచ్చుకున్నాడు. వైఫై పాస్‌వర్డ్ మేమే చెప్పాం. సాయంత్రం అందరం షీర్ ఖుర్మా తాగుతూ కూర్చున్నప్పుడు వాడు తల ఎత్తి, “మామూ, మా క్లాసు అబ్బాయి పేరు మీ కంప్యూటర్‌లో ఉందేంటి? వాడి ఫీజు మీరు కడుతున్నారా?” అన్నాడు. గదిలో పది మందిమి ఉన్నాం. వాడి తప్పేమీ లేదు. ‘నెట్‌వర్క్’ అన్న బొమ్మ మీద నొక్కాడు, మా డెస్క్‌టాప్ కనిపించింది, ఫోల్డర్ కనిపించింది, తెరుచుకుంది. తాళం లేని గదిలోకి ఎవరైనా అలాగే వస్తారు.

ఆ అబ్బాయి తల్లి దరఖాస్తు ఇచ్చిన రోజున మమ్మల్ని కోరింది ఒక్కటే. పేరు బయటికి రాకూడదని. రానివ్వం అని మాట ఇచ్చాం. జరిగింది కమిటీలో చెబితే, ఒకరిద్దరు ఆమెకు తెలియజేయనవసరం లేదన్నారు. దాచిపెడితే రెండో తప్పవుతుందని మాకు తోచింది. ఇంట్లో ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి చెప్పాం. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. “కాలేజీలో వాడికి తెలుస్తుందా సార్?” అని మాత్రం అడిగింది. మా మేనల్లుడికి గట్టిగా చెప్పామన్నాం. అంతకు మించి చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

ఆ రాత్రే షేరింగ్ మొత్తం ఆపేశాం. తర్వాత నాలుగు సాయంత్రాలు కూర్చుని, అసలు మొదట పాస్‌వర్డ్ ఎందుకు పనిచేయలేదో వెతికాం. మా బీఎడ్ రోజుల్లో లోప నిర్ధారణ పరీక్ష అని చెప్పేవారు. పిల్లవాడు భాగహారం తప్పు చేస్తే వెంటనే జవాబు చెప్పకూడదు, ఏ మెట్టు దగ్గర తప్పాడో ముందు కనిపెట్టాలి, ఆ మెట్టునే మళ్ళీ బోధించాలి. ఎక్కం రాదా, తీసివేత రాదా, అంకె దింపుకోవడం మరిచాడా? మూడింటికీ జవాబు తప్పే వస్తుంది, మందు మాత్రం వేరు. ఆ కుర్రవాడు చేసింది ఏమిటంటే, లెక్క తప్పిందని లెక్కల పీరియడే ఎత్తేయడం.

ఏ మెట్టు దగ్గర ఆగింది?

మన మర్యాదలో ఎవరింటికైనా వెళ్తే ముందు సలాం, తర్వాత ఇజాజత్. అనుమతి దొరికాకే లోపలికి వెళ్తాం. ఇతరుల ఇళ్ళలో ప్రవేశించే ముందు అనుమతి తీసుకోవాలని దివ్య ఖుర్ఆన్‌లోని సూరయె నూర్ ఆదేశిస్తుంది. కంప్యూటర్ల మధ్య జరిగేదీ దాదాపు ఇదే. మేడమీది ల్యాప్‌టాప్ ముందు దారి కనుక్కుని కింది డెస్క్‌టాప్ తలుపు దాకా రావాలి. అక్కడ తానెవరో చెప్పుకోవాలి. లోపలికి రానిచ్చాక, ఏ బీరువా తెరవడానికి తనకు హక్కుందో అది వేరే ప్రశ్న. దారి, గుర్తింపు, హక్కు. ఫోల్డర్ తెరుచుకోలేదంటే ఈ మూడింటిలో ఒకటి తప్పినట్టే. ఏది తప్పిందో తెర మీద వచ్చే సందేశమే చెబుతుంది. మనం దాన్ని చదవకుండా ‘ఓకే’ నొక్కేస్తాం.

నెట్‌వర్క్ పాత్ దొరకలేదని, 80070035 అనే అంకెతో సందేశం వస్తే అది దారి తప్పిన సంగతి. పాస్‌వర్డ్‌లు మార్చుకుంటూ కూర్చుంటే లాభం లేదు. యూజర్ నేమ్ లేదా పాస్‌వర్డ్ ‘ఇన్‌కరెక్ట్’ అంటే దారి బాగానే ఉంది, గుర్తింపు కుదరలేదు. మీకు ‘పర్మిషన్’ లేదని, ‘యాక్సెస్ డినైడ్’ అని వస్తే చాలావరకు మనిషిని గుర్తుపట్టింది, బీరువా తాళం ఇవ్వలేదు. ఈ తేడా తెలియక మేము మొదటి సాయంత్రం రౌటర్‌ను మూడుసార్లు ఆపి వేశాం. పాపం, రౌటర్‌లో ఏ లోపమూ లేదు.

దారి సంగతి తొందరగా చెప్పేస్తాం. రెండు కంప్యూటర్లూ ఒకే వైఫై మీద ఉండాలి. చాలా రౌటర్లలో చుట్టాల కోసం ‘గెస్ట్’ వైఫై వేరుగా ఉంటుంది. దాని మీద ఉన్నవాటికి ఇంటర్నెట్ వస్తుంది గాని ఇంట్లోని ఇతర కంప్యూటర్లు సాధారణంగా కనిపించవు. మా మేనల్లుడికి మేము ఇవ్వవలసింది నిజానికి ఆ వైఫైనే. మేడ మీద సిగ్నల్ అందక రెండో రౌటర్ పెట్టుకున్నవాళ్ళు ఐపీ అడ్రసులు చూసుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లిష్‌లో కొడితే కనిపిస్తుంది. మామూలు ఇంటి రౌటర్లలో ఒకదానిది 192.168.1.5 అని, ఇంకొకదానిది 192.168.0.7 అని ఉంటే, మూడో అంకె వేరు కనుక రెండూ వేర్వేరు వీధుల్లో ఉన్నట్టు. తర్వాత, కింది కంప్యూటర్‌లో ఆ వైఫై ‘ప్రైవేట్’గా ఉందా ‘పబ్లిక్’గా ఉందా చూడాలి. పబ్లిక్ అంటే విండోస్ దాన్ని రైల్వే స్టేషన్ వైఫైలా భావించి షేరింగ్ తలుపులు మూసేస్తుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో దాన్ని ప్రైవేట్ చేయాలి. కింది కంప్యూటర్ నిద్రలోకి జారుకున్నా దారి ఉండదు. ఇది నవ్వులాట కాదు, రెండో సాయంత్రం అరగంట మాకు ఇలాగే పోయింది.

‘నెట్‌వర్క్’ జాబితాలో కంప్యూటర్ పేరు కనిపించలేదని కంగారు పడనవసరం లేదు. ఆ జాబితాలో పేరు చూపించడానికి ‘ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్’ అనే ఒక సర్వీసు నడుస్తుండాలి. అది ఆగితే పేరు మాయమవుతుంది గాని దారి మూసుకుపోదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైనున్న అడ్రసు గడిలో రెండు వెనుకవాలు గీతలు \\ పెట్టి, కింది కంప్యూటర్ పేరు గాని, ఐపీ అడ్రసు గాని కొడితే నేరుగా తలుపు దగ్గరికి చేరతాం. పేరుతో రాక అడ్రసుతో వస్తే, పేరు కనుక్కోవడంలోనే లోపం ఉందని అర్థం.

ఎవరి పాస్‌వర్డ్ అడుగుతోంది?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మా సమస్యా ఇక్కడే ఉంది. తెర మీద గడి వచ్చి పాస్‌వర్డ్ అడిగితే మా అమ్మాయి తన ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ కొట్టింది. మేము వైఫై పాస్‌వర్డ్ కొట్టి చూశాం. రెండూ కావు. అడుగుతున్నది కింది డెస్క్‌టాప్. అది తన దగ్గర నమోదైన మనుషుల్లో ఒకరి పేరు, ఆ పేరుకు తన దగ్గర ఉన్న పాస్‌వర్డ్ చెప్పమంటుంది. మసీదు రిజిస్టరులో పేరున్నవాడిని మసీదు రిజిస్టరు చూసే గుర్తిస్తారు గాని, పక్క ఊరి మసీదు రిజిస్టరు చూసి కాదు కదా.

మరి అన్నాళ్ళూ ఏమీ అడగకుండా ఎలా తెరుచుకుంది? ల్యాప్‌టాప్ ముందు తన దగ్గర లాగిన్ అయి ఉన్న పేరునూ పాస్‌వర్డ్‌నూ సద్దుచేయకుండా చూపిస్తుంది. అదే పేరు, అదే పాస్‌వర్డ్ కింది కంప్యూటర్‌లో కూడా ఉంటే గడి రాకుండానే పని జరిగిపోతుంది. మేము మొదట్లో రెండింట్లోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నాం. ఆ సంగతి మరిచిపోయాం. రంజాన్‌కు ముందు డెస్క్‌టాప్‌లో ఒక అప్‌డేట్ వచ్చి, ఈమెయిల్‌తో సైన్ ఇన్ అవ్వమని, నాలుగంకెల పిన్ పెట్టుకోమని అడిగింది. అడిగినదానికల్లా తలూపాం. ఆ రోజు నుంచి కింద మా ఖాతా మైక్రోసాఫ్ట్ ఖాతా అయింది. దాని పాస్‌వర్డ్ ఆ ఈమెయిల్‌ది. రోజూ నాలుగంకెలు కొట్టి లోపలికి వెళ్తున్నాం కనుక ఆ పాస్‌వర్డ్ ఏమిటో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

పిన్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. పిన్ ఆ ఒక్క యంత్రానికే చెందినది. ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికే పనికొస్తుంది. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవారు దాన్ని చెప్పినా ఒప్పుకోదు. అందుకే ‘కింద ఇదే కొడితే తెరుచుకుంటోంది కదా’ అని పై నుంచి పిన్ కొట్టేవాళ్ళు ఎన్నిసార్లు కొట్టినా ప్రయోజనం ఉండదు. అలాగే సి డ్రైవులో ‘యూజర్స్’ కింద కనిపించే ఫోల్డర్ పేరు చూసి అదే యూజర్ నేమ్ అనుకోవడం కూడా సరికాదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో కంప్యూటర్‌ను మొదలుపెట్టినవారికి అక్కడ సాధారణంగా ఈమెయిల్‌లోని మొదటి ఐదు అక్షరాలే ఉంటాయి. అలాంటి ఖాతాకు తలుపు దగ్గర చెప్పవలసింది పూర్తి ఈమెయిల్, దాని పాస్‌వర్డ్.

కొందరి ఇళ్ళలో దీనికి వ్యతిరేకం. కంప్యూటర్‌కు పాస్‌వర్డే ఉండదు. ఆన్ చేస్తే నేరుగా తెరుచుకుంటుంది. ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న ఖాతాను విండోస్ నెట్‌వర్క్ మీదుగా రానివ్వదు. అప్పుడు ‘అకౌంట్ రిస్ట్రిక్షన్స్’ అంటూ సందేశం వస్తుంది. దానికి మందు ఆ ఖాతాకు పాస్‌వర్డ్ పెట్టుకోవడమే. షేరింగ్‌లో పాస్‌వర్డ్ రక్షణ తీసేయడం కాదు.

మేము చివరికి చేసిన పని ఇది. డెస్క్‌టాప్‌లో షేరింగ్ కోసమే ఒక కొత్త లోకల్ ఖాతా తయారు చేశాం. సెట్టింగ్స్‌లో ‘అకౌంట్స్’, అందులో ఇతర యూజర్లు అన్నచోట కొత్తవారిని చేర్చమంటే అది ఈమెయిల్ అడుగుతుంది. వారి సైన్ ఇన్ వివరాలు లేవని, మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండానే చేర్చమని కింద ఉన్న వరుసలు నొక్కాలి. ఖాతా పేరు ‘దఫ్తర్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టాం. పొడవైన పాస్‌వర్డ్ ఇచ్చాం. పైనుంచి యూజర్ నేమ్ గడిలో కింది కంప్యూటర్ పేరు, ఒక వెనుకవాలు గీత, ఆ తర్వాత దఫ్తర్ అని కొట్టాలి. ముందు కంప్యూటర్ పేరు ఎందుకంటే, ఈ దఫ్తర్ ఎవరి రిజిస్టరులోనివాడో స్పష్టంగా చెప్పడానికి. ఇక మా ఈమెయిల్ పాస్‌వర్డ్ మారినా, పిన్ మారినా ఈ తలుపుకు సంబంధం లేదు.

ఇంత చేసినా మూడో సాయంత్రం మళ్ళీ తప్పు అంది. ఈసారి కారణం రెండు. ల్యాప్‌టాప్‌లో ‘క్రెడెన్షియల్ మేనేజర్’ అని ఒకటి ఉంటుంది. ఒకప్పుడు గుర్తుంచుకోమన్న పేరు, పాస్‌వర్డ్ అందులో పదిలంగా ఉండి, మనల్ని అడగకుండానే పాతదే చూపిస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో దాన్ని తెరిచి, ‘విండోస్ క్రెడెన్షియల్స్’ కింద డెస్క్‌టాప్ పేరుతో ఉన్నదాన్ని తీసేశాం. అప్పుడు వేరే సందేశం వచ్చింది. ఒకే కంప్యూటర్‌కు రెండు పేర్లతో ఒకేసారి రాకూడదని దాని సారాంశం. దాని అంకె 1219. పాత పేరుతో వేసిన దారం ఇంకా తెగలేదన్నమాట. నెట్ యూజ్ అనే ఆదేశంతో దాన్ని తెంపవచ్చు. మేము ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేశాం, సరిపోయింది.

రెండో కారణం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. తెలుగులో దరఖాస్తులు టైపు చేస్తూ కీబోర్డును తెలుగులోనే వదిలేశాం. పాస్‌వర్డ్ గడిలో చుక్కలే కనిపిస్తాయి కనుక ఏ భాషలో పడుతోందో తెలియదు. తెర మూలన భాష గుర్తు చూసుకోవాలి. విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కితే మారుతుంది. యూజర్ నేమ్‌లో పెద్ద చిన్న అక్షరాల పట్టింపు లేదు గాని పాస్‌వర్డ్‌లో ఉంది.

లోపలికి వచ్చాక

గుర్తుపట్టి లోపలికి రానిచ్చింది. కంప్యూటర్ పేరు కింద ఫోల్డర్ కనిపించింది. దాని మీద నొక్కితే అనుమతి లేదంది. ఇది మూడో మెట్టు. ఇక్కడ తాళాలు రెండు. ఫోల్డర్ మీద కుడి నొక్కు నొక్కి ‘ప్రాపర్టీస్’ తెరిస్తే ‘షేరింగ్’ అని ఒక పేజీ, ‘సెక్యూరిటీ’ అని ఒక పేజీ ఉంటాయి. షేరింగ్ పేజీలో ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్’ లోపల ఇచ్చే అనుమతి వీధి తలుపుది. సెక్యూరిటీ పేజీలోది లోపలి బీరువాది. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవారికి రెండూ వర్తిస్తాయి, రెండింటిలో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది. వీధి తలుపు దగ్గర అన్నీ చేయవచ్చని ఉండి, బీరువా దగ్గర చదవడానికే అనుమతి ఉంటే, చదవడమే కుదురుతుంది. మార్పు సేవ్ కాదు. బీరువా దగ్గర పేరే లేకపోతే చదవడం కూడా కుదరదు. మేము షేరింగ్ పేజీ నుంచి ‘ఎవ్రీవన్’ తీసేసి దఫ్తర్‌ను చేర్చి ‘చేంజ్’ ఇచ్చాం. సెక్యూరిటీ పేజీలోనూ దఫ్తర్‌ను చేర్చి ‘మాడిఫై’ ఇచ్చాం. అప్పుడు తెరుచుకుంది. అప్పటికి ఇషా అజాన్ అవుతోంది.

ఆ తర్వాత కూడా ఒకసారి పట్టీ చదవడానికే తెరుచుకుంది. మా అమ్మాయి మళ్ళీ తాళం చెడిందని అనుకుంది. చూస్తే కింద మేము అదే ఎక్సెల్ ఫైలు తెరిచి టీకి లేచాం. ఒకరు తెరిచి ఉంచితే రెండోవారికి చదవడానికే ఇస్తుంది. అది లోపం కాదు, ఇద్దరూ ఒకరి మీద ఒకరు రాసుకోకుండా చేసిన ఏర్పాటు.

ఇంకా కొన్ని పాత సలహాలు మన మధ్య తిరుగుతున్నాయి. వాటి సంగతి చెప్పకపోతే ఈ పాఠం పూర్తికాదు. విండోస్ 7లో ‘హోమ్‌గ్రూప్’ అని ఉండేది. ఇంటికంతటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టేవారు. 2018లో విండోస్ 10 నుంచి దాన్ని తీసేశారు. అందుకని దాని కోసం వెతకడం వృథా. రెండోది, ఎస్‌ఎంబీ1 అనే పాత షేరింగ్ పద్ధతిని మళ్ళీ ఆన్ చేయమంటారు. ఇది చేయకండి. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ఆ పాత పద్ధతిలోని లోపం గుండానే ప్రపంచమంతా పాకి, బ్రిటన్‌లో ఆసుపత్రుల కంప్యూటర్లను కూడా స్తంభింపజేసింది. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 రూపం నుంచి కొత్తగా వేసే కంప్యూటర్లలో దాన్ని మామూలుగా పెట్టడం మానేశారు. మూడోది, మా ఇంట్లో జరిగినదే, పాస్‌వర్డ్ రక్షణ తీసేయడం. 2024లో వచ్చిన 24హెచ్2 రూపం నుంచి విండోస్ 11 ప్రో, పాస్‌వర్డ్ లేని అతిథి ప్రవేశాన్ని తనంతట ఒప్పుకోదు. అంటే ఇంట్లో ఒక కొత్త ల్యాప్‌టాప్ వస్తే, రక్షణ తీసేసినా తెరుచుకోకపోవచ్చు. తాళమూ పోయి, పనీ జరగని పరిస్థితి అది. ఫోల్డర్ పేరు చివర డాలర్ గుర్తు పెడితే చాలని కొందరంటారు. దానివల్ల పేరు జాబితాలో కనిపించదు, అంతే. పేరు తెలిసినవాడిని అది ఆపదు.

ఈ తాళం ఎంతవరకు కాపాడుతుందో కూడా చెప్పాలి. ఇది నెట్‌వర్క్ మీదుగా వచ్చేవారిని మాత్రమే ఆపుతుంది. ముందు గదిలో డెస్క్‌టాప్ దగ్గరే కూర్చుని, తెరిచి ఉన్న తెర చూసేవాడిని ఆపదు. అందుకని ఇప్పుడు లేచేటప్పుడు విండోస్ మీట, ఎల్ మీట కలిపి నొక్కి తెరకు తాళం వేస్తున్నాం. పేర్లూ ఖాతా నంబర్లూ ఉన్న పట్టీకి ఎక్సెల్‌లోనే వేరే పాస్‌వర్డ్ పెట్టాం. అది మరిచిపోతే తిరిగి తెరవడం మన చేతిలో ఉండదు కనుక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అతికించి అధ్యక్షుల వారి దగ్గర ఉంచాం. కొత్త వాలంటీరు వస్తే దఫ్తర్ పాస్‌వర్డ్ చెప్పం, వారికి వేరే ఖాతా ఇస్తాం. వెళ్ళిపోతే ఆ ఒక్క ఖాతా తీసేస్తే సరిపోతుంది. డెస్క్‌టాప్ విషయంలో ఇంకొక పని మిగిలింది. విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్ల సాధారణ గడువు 14 అక్టోబర్ 2025తో ముగిసింది. ఆ యంత్రాన్ని మార్చాలా అన్నది కమిటీ ముందు ఉంది.

మీలో కొందరు పాత కంప్యూటర్లు సొసైటీకి ఇస్తుంటారు. అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలం ఇవ్వాలి. ఇచ్చే ముందు మీ ఖాతాలు, ఫైళ్ళు తీసేసి, సెట్టింగ్స్‌లో ‘రీసెట్’ చేయించండి. చేయడం రాకపోతే మాకు చెప్పండి, మీ ఎదురుగానే చేస్తాం. కిందటిసారి వచ్చిన ఒకదానిలో దాత గారి ఇంటి పత్రాలు అలాగే ఉన్నాయి.

తరగతిలో పాఠం వచ్చిందో లేదో తెలియాలంటే, వచ్చినవాడిని అడిగితే చాలదు. తలుపు విషయంలోనూ అంతే. మా అమ్మాయికి తెరుచుకుంటే సగం పరీక్షే అయినట్టు. తెరుచుకోకూడనివారికి తెరుచుకోకపోవడం మిగతా సగం. బక్రీదుకు మా మేనల్లుడు మళ్ళీ వచ్చాడు. ఈసారి కావాలనే గెస్ట్ వైఫై కాకుండా ఇంటి వైఫైనే ఇచ్చి, “ఫోల్డర్‌లోకి వెళ్ళి చూడు బేటా” అన్నాం. వాడు \\ పెట్టి మా కంప్యూటర్ పేరు కొట్టాడు. గడి వచ్చింది. మా పుట్టిన సంవత్సరం కొట్టాడు, మా బడి పేరు కొట్టాడు, అమ్మాయి పేరు కొట్టాడు. మూడుసార్లూ తప్పేనంది. ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టి, “మామూ, ఆ అబ్బాయి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు” అన్నాడు. మేము అడగలేదు. ఆ మాట మర్నాడే వెళ్ళి ఆ తల్లికి చెప్పి వచ్చాం.